ముడులేసి దాచుకున్న ఆట

మొన్న ఆదివారం మా మునిమనవరాలు నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకొచ్చి నా మంచం ఎక్కి కూర్చుంది. వాళ్లమ్మ కాత్ర్ బోర్న్ బజారుకు వెళ్లి ఇంకా రాలేదు. ఇంట్లో మేమిద్దరమే.

“మామ్మా, తెలుగు మిస్ హోంవర్క్ ఇచ్చింది. పాతకాలం ఆటలు, రకాలు. పది రాయాలి. నువ్వు చెప్పు, నేను రాస్తాను. విత్ విత్ మామ్మా, నాకు టీవీ ఉంది.”

విత్ విత్ అంటే ఇక్కడి భాషలో తొందరగా అని. దానికి అన్నీ తొందరే.

ఆటల్లో రకాలేమిటి నా మొహం, బియ్యం రకాలా, పప్పు రకాలా? అయినా పిల్ల అడిగింది కదా అని మొదలుపెట్టాను. కర్రాబిళ్ళ అన్నాను. రాసుకుంది. తొక్కుడుబిళ్ళ, గచ్చకాయలు, గోళీలు, దాగుడుమూతలు, వామనగుంటలు. అన్నీ రాసుకుంది. చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉంది, ఆ మిస్సును మెచ్చుకోవాలి.

“ఇంట్లో ఆడేవి ఒక వైపు, బయట ఆడేవి ఒక వైపు రాయమంది మిస్.”

“మీ మిస్సు ఎప్పుడైనా కాంపులో కాపురం చేసిందేమిటే? మాకు ఇల్లేది, బయటేది?”

నిజమే చెప్పాను. ఈ దీవిలో కాంప్ ద మాస్క్ అనే ఊరి దగ్గర చెరుకు ఎస్టేటులో మా కూలీల కాంపు. చెరుకాకు కప్పిన గుడిసెలు రెండు వరసలు, మధ్య ఒక వీధి. గుడిసెలో ఆరుగురం పడుకుంటే ఏడో మనిషికి కాళ్లు చాపే చోటుండేది కాదు. కాబట్టి మాకు చోటును బట్టి ఆట. వీధిలో కర్రాబిళ్ళ. ఏటి దగ్గర బట్టలు ఉతికే బండల మీద ఒప్పులకుప్ప. ఎడ్లబండ్లు విప్పేచోట ఎడ్ల కాళ్ల సందుల్లోంచి దాగుడుమూతలు. అరుగు మీద ముసలమ్మల పక్కన గచ్చకాయలు. సముద్రపు ఒడ్డు కంచెల్లో కాసే ఆ బూడిదరంగు కాయల్ని ఇక్కడ కదోక్ అంటారు. మా మామ్మ ఓడ దిగి వచ్చిన కొత్తలో వాటిని చూసి “ఓలమ్మ, ఇయ్యి మన గచ్చకాయలే గదా” అని కంచె పట్టుకుని ఏడ్చిందట. ఊరు వదిలినప్పుడు కూడా ఏడవలేదట ఆవిడ.

సిర్దారు ఆట అని ఇంకొకటుండేది, సిర్దారంటే కూలీల మీద మేస్త్రీ. ఒకళ్లు కర్ర పట్టుకుని సిర్దారు అవ్వాలి, మిగతావాళ్లం వంగి గడ్డి పీకాలి. పొలంలో సిర్దారు మా నాన్నల్ని తిట్టిన తిట్లన్నీ మేం ఒకళ్లనొకళ్లం తిట్టుకుని పొట్టచెక్కలయ్యేలా నవ్వేవాళ్లం. ఒకరోజు మా నాన్న అది విన్నాడు. లోపలికెళ్లి పడుకున్నాడు. తర్వాత మేం ఆ ఆట ఆడలేదు.

“మామ్మా, నీకు ఏది ఎక్కువ ఇష్టం?”

“బొంగరం.”

“ఆయో! అది గార్సోఁల ఆట కదా!”

మగపిల్లల ఆటేనట. డెబ్భై ఏళ్లు దాటినా ఆ మాట అనేవాళ్లు తగ్గలేదు. పెన్సిలు పక్కన పెట్టమన్నాను. టీవీ సంగతి మర్చిపొమ్మన్నాను.

ముందు మా మామ్మ గురించి చెప్పాలి. మా నాన్నకు అమ్మ. కోరంగి రేవులో ఓడెక్కి ఈ దీవికి చెరుకు కూలికి వచ్చిన మనిషి. పొట్టి, నలుపు, నోరు మాత్రం మిల్లు కూత. అప్పటికి ఏడెనిమిది నెలల నుంచీ కంటి మీద పొర కమ్మి సరిగ్గా కనపడేది కాదు కానీ, ఎవరు వీధిలో నడిచినా అడుగుల చప్పుడు విని పేరు పెట్టి పిలిచేది. నాకు ఎడమచేతి వాటం. పుర్రచెయ్యి అని నన్ను తిట్టని పూట లేదు. ముద్ద ఆ చేత్తో ఎత్తానా, చింతబరికె గాలిలో లేచేది.

“ఓలె పిల్లా, పుర్రసేత్తో తిన్నావంటే రేపు నిన్ను ఎవుడు కట్టుకుంటాడే?”

మామ్మకు చదువు రాదు. లెక్కంతా ముడుల్లోనే. మేకలు ఈనిన రోజులకో తాడు, పిల్లల పురుళ్లకో తాడు, ఏకాదశులకో తాడు. అన్నీ దేవుడి గూటి పక్కన మేకుకు వేలాడుతుండేవి. వాటిలో నల్లటి తాడు ఒకటి విడిగా, పైన ఉండేది. దాని జోలికి ఎవరూ పోకూడదు.

ఆ తాడు కథ మా ఇంట్లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఓడలో మామ్మ పక్కన ఒక పిల్ల పడుకునేదట. మామ్మకన్నా రెండేళ్లు చిన్న, నా అన్నవాళ్లు లేరు. ఓడలో పక్కపక్కన పడుకున్నవాళ్లు తోబుట్టువులతో సమానం. వాళ్ల పిల్లల మధ్య పెళ్లిళ్లు కూడా చేసుకోరు, అంత పట్టింపు. ఆ పిల్ల దగ్గర మూటలో వామనగుంటల పీట ఒకటుంది. పులుసులో వేసే చింతపండులోంచి గింజలు ఏరి, కడిగి, ఇద్దరూ ఆ పీట మీద ఆడుతూ సముద్రం దాటారు. పద్నాలుగు గుంటలు, గుంటకు నాలుగు గింజలు, మొత్తం యాభై ఆరు.

రేవు కనపడిన రోజు ఆట మధ్యలో ఉంది. గెలిచిన గింజలు ఎవరివి వాళ్ల కొంగున ఉన్నాయి, మిగతావి గుంటల్లో ఉన్నాయి. లేవండి లేవండి అని అరుపులు. అప్పుడు మామ్మ ఓడ మోకులోంచి ఒక పేట లాగి, ఏ గుంటలో ఎన్ని గింజలున్నాయో వరసగా ముడులు వేసింది. గుంటకు గుంటకు మధ్య వేలెడు ఖాళీ. ఖాళీ గుంటకు ముడి బదులు చిన్న ఉచ్చు. పీట చెల్లెలు పట్టుకుంది, తాడు అక్క పట్టుకుంది. “ఏ ఎస్టేటుకేసినా ఒకే సోట ఏత్తారు గదా అప్పా, రాత్రికి ఆడుకుందాం” అందట ఆ చెల్లెలు. కూలీలను పంచే డిపోలో ఒకళ్లను తూర్పుకు రాశారు, ఇంకొకళ్లను ఎక్కడికి రాశారో తెలియదు.

అంతే. ముప్పై ఏళ్లు దాటిపోయాయి. మామ్మ ప్రతి శనివారం ఆ తాడు దించి, దుమ్ము దులిపి, కళ్లకద్దుకుని మళ్లీ తగిలించేది. “దానికాడ పీటుంది, నాకాడ ఆటుంది. ఎప్పుడో ఒకప్పుడు రాక ఏటి సేత్తాది?” అనేది. మా అమ్మ చాటుకు నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఏ జ్వరాల ఏడులోనో పోయి ఉంటుంది పాపం, ముసలమ్మకు పిచ్చి అనుకునేదాన్ని. అందుకే చెబుతున్నాను, నేను తెలియక చేయలేదు. తెలిసే చేశాను.

కోతల కాలం బొంగరాల కాలం. మిల్లు తిరుగుతుంటే కాంపంతా పాకం వాసన. జడల్లో, దుప్పట్లలో, అన్నంలో కూడా అదే వాసన. పెద్దవాళ్లు తెల్లవారకుండానే పొలాలకు పోతే మధ్యాహ్నం దాకా కాంపు మాదే. గంజిలో ఉప్పు, పచ్చిమిరపకాయ నంజుకుని తాగేసి, మునగాకు దూసిపెట్టమని మామ్మ అప్పగించిన చాట మంచం కిందకు తోసేసి, బండ్ల షెడ్డు వెనక్కి పరుగెత్తేదాన్ని. అక్కడ నేల గట్టిగా, నున్నగా ఉండేది. మగపిల్లలు బరి గీసి బొంగరాలు ఆడేవాళ్లు. ఓడినవాడి బొంగరం బరి మధ్యలో పెట్టాలి. మిగతావాళ్లు తమ బొంగరాలతో దాన్ని కొట్టి చెక్కలు లేపుతారు.

మా చిన్నాన్న నాకు జామకర్రతో బొంగరం చెక్కిచ్చాడు. గుర్రపు లాడానికి కొట్టే మేకు దానికి ముల్లు. అంత మంచి బొంగరం కాంపులో లేదు, ఇప్పుడు కూడా ఒట్టేసి చెబుతాను. కానీ తాడు లేదు. కొబ్బరి పీచు జారిపోయేది. కలబంద నార రెండు విసుర్లకు తెగిపోయేది. బొంగరం నేల మీద పడి చచ్చిన కప్పలా పొర్లేది. సిర్దారు కొడుకు, నాకన్నా నాలుగేళ్లు పెద్దవాడు, పళ్లికిలించేవాడు.

“ఆడపిల్లా, అందులోనూ పుర్రచెయ్యి! పోయి మీ మామ్మకు గింజలేరిపెట్టు పో!”

ఆ రోజు ఆదివారం. మామ్మ పెరట్లో జొన్నపొత్తులు ఒలుస్తోంది. నేను ఇంట్లోకొచ్చి పీట మీద పీట వేసుకుని ఎక్కాను. ఆ నల్లతాడు చేతికందింది. ఓడ మోకు పేట కదా, ఎంత గట్టిగా ఉందో! వేళ్లకు భలే పట్టు దొరికింది. మేకల కొట్టం వెనక్కి వెళ్లి ముడులు విప్పడానికి కూర్చున్నాను. ముప్పై ఏళ్ల ముడులు, ఊరికే వస్తాయా? నిమ్మముల్లుతో గుచ్చి, పళ్లతో లాగి, నీళ్లలో తడిపి ఒక్కొక్కటీ విప్పాను. ఏ ముడి తర్వాత ఏదో, ఎన్నున్నాయో చూసుకోవాలని కూడా తోచలేదు. సాయంత్రానికి ఎలాగో మళ్లీ వేసేయొచ్చులే అనుకున్నాను. ఎవరొస్తారు, ఎవరు చూస్తారు అని.

ఆ పూట నేను ఆడిన ఆట! పుర్రచేత్తో చుట్టి విసిరితే నా బొంగరం అందరివీ తిరిగే వైపు కాకుండా ఎదురు తిరిగేది. వాళ్ల బొంగరాలు తగిలితే కిందపడిపోయేవి, నాది నిలబడి నిద్రపోయేది. అంటే కదలకుండా ఒకేచోట గుంయ్‌మని తిరిగేది. చివరికి సిర్దారు కొడుకు బొంగరం బరి మధ్యకు వచ్చింది. ఒక్క దెబ్బ. రెండు చెక్కలయింది. పిల్లలందరూ ఓ అని అరిచారు. వాడి మొహం చూడాలి! ఇప్పటికీ తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, దాచుకోను.

తాడు బొంగరానికి చుట్టి, బొంగరం పరికిణీ నడుములో దోపుకుని ఇంటికి వచ్చాను. అరుగు మీద భజన గురువుగారు కూర్చుని ఉన్నారు. ఆయన కాంపు కాంపుకూ తిరిగి రామభజనలు చేయించేవారు. ఉత్తరాన పిటాన్ వైపు రెండు నెలలుండి అప్పుడే వచ్చారట. మా అమ్మ ఆయనకు మజ్జిగ ఇస్తోంది. మామ్మ స్తంభం పట్టుకుని నేల మీద కూలబడి ఉంది. ఎవరో పోయారనుకున్నాను.

“పిటాన్ కాంపులో ఒక ముసలమ్మ ఉందమ్మా,” అంటున్నారు గురువుగారు. “ఆవిడ అటక మీద వామనగుంటల పీట ఉంది. పిల్లలు ఆడుకుంటామంటే ఇవ్వదు. మా అప్ప రావాలి, ఆట మధ్యలో ఉంది అంటుంది. నాకు మీరు గుర్తొచ్చి అడిగాను. మీ పేరు చెప్పగానే ఆవిడ నా కాళ్లమీద పడిపోయింది. కోతలయ్యాక ఇక్కడ రామభజన పెడతారు కదా, ఆ రోజుకు రైల్లో వస్తుంది. పీట తెస్తుందట. తాడు జాగ్రత్తగా ఉందా అని మరీ మరీ అడగమంది.”

“ఉంది బాబూ, ఉంది!” అంది మామ్మ. ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి ఆ గొంతులో. “ముప్పై ఏళ్లూ నా పేణం కన్నా జాగర్తగా ఉంది!”

ఆ ప్రాణం బొంగరానికి చుట్టుకుని నా నడుములో ఉంది, మట్టి కొట్టుకుని.

అందరూ గురువుగారి చుట్టూ మూగి ఉన్నారు. ఎవరూ మేకు వైపు చూడలేదు. మళ్లీ మేకల కొట్టం వెనక్కే పరుగెత్తాను. కూర్చుని ముడులు వేయడం మొదలుపెట్టాను. ఏవి గుర్తున్నాయి గనక? మొదట్లో రెండో మూడో ఉన్నాయి. మధ్యలో ఒక పెద్ద గుత్తి ఉంది. అంతకుమించి ఏదీ తెలియదు. ఏడుస్తూ, ముక్కు పైకి లాక్కుంటూ, తోచినన్ని వేశాను. మామ్మ గెలవాలని ఒక వైపు గుంటలకు దండిగా వేశాను. అయితే ఏ వైపు మామ్మదో, ఏ వైపు చెల్లెలిదో నాకు తెలిస్తేగా! ముడులయ్యాక చూస్తే తాడు వెలిసిపోయి, పీచు లేచిపోయి ఉంది. దీపం మసి తెచ్చి ఆముదంలో కలిపి పులిమాను. దీపాలు పెట్టకముందే మేకుకు తగిలించేశాను.

శనివారం వచ్చింది. మామ్మ తాడు దించింది. మునగాకు దూస్తూ ఓరకంట చూస్తున్నాను. దులిపింది. కళ్లకద్దుకోబోయి ఆగింది. వేళ్లతో ఒక్కో ముడీ తడుముతూ ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్లింది. మళ్లీ వెనక్కి వచ్చింది.

“ఆముదం కంపు కొడతంది,” అంది.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మామ్మ చాలాసేపు ఆ తాడు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత మేకుకు తగిలించమని మా అమ్మకు ఇచ్చి పొయ్యి దగ్గరకు వెళ్లిపోయింది. ఆ రోజు నన్ను పుర్రచెయ్యి అని ఒక్కసారి కూడా తిట్టలేదు. నాకదేం అర్థం కాలేదు, బతికిపోయాను అనుకున్నాను.

భజనకు ఇంకా పదిహేను రోజులుంది. బొంగరం చూరులో దాచేసి మళ్లీ ముట్టుకోలేదు. చెప్పేద్దామని మామ్మ పక్కకు ఎన్నిసార్లు వెళ్లానో. ప్రతిసారీ ఆవిడ చెల్లెలికి ఏం వండాలో చెబుతూ ఉండేది. “దానికి పనసకాయ పులుసంటే పేణం. ఓడలో రోజూ అదే కలవరించీది.” ఇంక నేనేం చెప్పను? నీళ్లు నమిలి వచ్చేసేదాన్ని.

భజన రోజు పొద్దున్నే ఆవిడ రైలు దిగి చెరుకుబండి మీద వచ్చింది. సన్నగా, పొడుగ్గా, నెత్తిమీద తెల్లకొంగు, చంకలో గుడ్డ చుట్టిన పీట. మామ్మకు సరిగ్గా కనపడదు కదా, వీధిలో నిలబడి చేతులు చాపింది.

“సెల్లీ?”

“అప్పా! నానే అప్పా, నానొచ్చీసినాను!”

ఇద్దరూ అలా పట్టుకుని నిలబడ్డారు. కాంపు ఆడవాళ్లందరూ కొంగులు కళ్లకద్దుకున్నారు. ఆవిడను చినమామ్మ అనమన్నారు నన్ను. చినమామ్మ నా బుగ్గలు పుణికి, బెల్లం వేసి వేయించిన కొబ్బరి ముక్క నోట్లో పెట్టింది.

పనసపులుసు అన్నం తిన్నాక అరుగు మీద చాప వేశారు. పీట మధ్యలో పెట్టారు. చేతులు తగిలి తగిలి గుంటలు అద్దంలా మెరుస్తున్నాయి. చింతగింజలు ఒక పళ్లెంలో పోశారు. మామ్మ తాడు పట్టుకుని ముడులు తడుముతూ చెబుతుంటే, చినమామ్మ గుంటల్లో గింజలు వేసుకుంటూ పోయింది. మూడు. నాలుగు. ఖాళీ. ఆరు. నేను స్తంభం చాటున నిలబడ్డాను. పద్నాలుగు గుంటలూ అయ్యాక చినమామ్మ తన కొంగుమూట విప్పింది. మామ్మ తన మూట విప్పింది. ఆట మొదలుపెట్టే ముందు మొత్తం లెక్క చూసుకోవడం వాళ్ల అలవాటు.

చినమామ్మ లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

“అరవై ఒకటి,” అంది మెల్లగా. “అప్పా, అయిదు ఎక్కువొచ్చినాయి.”

ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. అంతలో చినమామ్మ నుదురు కొట్టుకుని భోరుమంది.

“తప్పు నాదే అప్పా! జొరాల ఏడు మాకు రేషను ఆపీసినారు. పిల్లడు ఆకలని ఒకటే ఏడుపు. ఇంట్లో గింజ నేదు. నా మూటలో గింజలు ఏయించీసి, పొట్టు తీసీసి వాడికెట్టీసినాను. పిల్లడూ దక్కలేదు, నీ ఆటా దక్కలేదు. తరవాత ఏరే గింజలు ఏసుకున్నాను. ఎన్నుండీవో సరిగ్గా గురుతు నేదు. నేకపోతే అయిదెందుకు పెరుగుతాయి? నీ తాడు అబద్దమాడదు గదా!”

నేను స్తంభం చాటునే ఉండిపోయాను. తెరిచిన నోరు మూసుకున్నాను. నా తప్పు ఇంకొకరు ఒప్పుకుంటుంటే, సిగ్గులేకుండా నాకు ప్రాణం లేచొచ్చింది. ఎనిమిదేళ్ల పిల్లనే, కానీ అది తప్పని తెలియని పిల్లనేం కాదు.

మామ్మ చెయ్యి చాపి చినమామ్మ మోకాలు పట్టుకుంది.

“ఊరుకోయే. తప్పు నీది కాదు. ఆ తాడు ఎప్పుడో ఎలక కొట్టీసినాది. నానే మళ్లీ ముడులేసినాను, సరిగ్గా గురుతు నేక. నీకు సెప్తే బాధపడతావని సెప్పనేదు.”

“నువ్వా అప్పా?”

“నానే. ముప్పై ఏళ్లూ ఈ తాడు సూసుకుని నువ్వు నాకాడే ఉన్నావనుకున్నాను. కదిలి ఎతకనేదు. అసలు తప్పు అదీ. పోనీయే, ఆ ఆట సముద్రానిది. ఇది మనది. నాలుగేసి గింజలెయ్యి.”

అయిదు గింజలు ఏరి వీధిలోకి విసిరేసింది మామ్మ. మళ్లీ మొదటి నుంచి ఆడారు. అబ్బ, ఆ ఇద్దరు ముసలమ్మలు ఆడిన ఆట! తొండి, తిట్లు, ఎగతాళి. “ఓలె దొంగముండా, రెండు గుంటలు దాటేసినావ్, నాకు కళ్లు కనపడవనుకుంటన్నావేటి?” అని మామ్మ. “కనపడకే ఇంత సేత్తన్నావు, కనపడితే ఓడే అమ్మీసీదానివి!” అని చినమామ్మ. పొద్దు వాలే దాకా ఆడారు. మామ్మ అంతలా నవ్వగా నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

మర్నాడు పొద్దున బండి వచ్చేసరికి ఆట మధ్యలో ఉంది. కావాలనే మధ్యలో ఆపారని నాకిప్పుడు తెలుసు. “వొచ్చీ ఏడు భజనకొచ్చి మిగతాది ఆడతాను,” అంది చినమామ్మ. మామ్మ తాడు చేతిలోకి తీసుకుని, పాత ముడులన్నీ విప్పించి, నన్ను పిలిచింది.

“రాయే పిల్లా. గుంటలు సూసి నువ్వే ముడులెయ్యి.”

“నేనా?”

మామ్మ నా ఎడమచెయ్యి పట్టుకుని దగ్గరకు లాక్కుంది. నా చెవికి మాత్రమే వినపడేలా అంది.

“నువ్వే. నీ పుర్రసేతి ముడి నాకు తెలీదేటే? అన్నీ ఎదురుమెలికలే. ఈసారి సరిగ్గా లెక్కెట్టి ఎయ్యి.”

మొదటి శనివారమే తెలిసిపోయిందన్నమాట ఆవిడకు. తెలిసీ ఒక్క మాట అనలేదు. చినమామ్మ ముందు నా తప్పు తన మీద వేసుకుంది. ఏడుస్తూ ముడులు వేశాను. ఒక్కటి కూడా తప్పు పోలేదు, రెండుసార్లు చూసుకున్నాను. చినమామ్మ బండెక్కి చెయ్యి ఊపుతుంటే, వచ్చే ఏడు రాగానే చెప్పేస్తాను, ఆవిడ కాళ్లు పట్టుకుని ఆ ముడులు విప్పింది నేనేనని చెప్పేస్తాను అని మనసులో ఒట్టు పెట్టుకున్నాను. ఎందుకంటే ఆవిడ మామ్మ మాట నమ్మలేదు. బండెక్కుతూ కూడా “నా గింజల వల్లే అప్పా, నాకు తెలుసు” అంటూనే ఉంది. పిల్లవాడికి పెట్టిన ఆ గింజల పాపం ఆవిడ తనతోనే తీసుకుపోయింది.

మరుసటి ఏడు కోతలయ్యాక భజన గురువుగారు వచ్చారు. చంకలో గుడ్డ చుట్టిన పీట, చినమామ్మ గింజల మూట ఉన్నాయి. పక్కన ఎవరూ లేరు. మామ్మకు ఆయన అడుగులే వినపడ్డాయి, రెండో అడుగుల కోసం చాలాసేపు చెవి ఒగ్గింది. తర్వాత పీట ఒళ్లోకి తీసుకుని, గుంటలన్నీ ఒక్కొక్కటీ వేలితో తడిమింది.

ఇంత చెప్పేసరికి మా మునిమనవరాలు నోటుపుస్తకం మూసేసి నా మొహంలోకి చూస్తోంది. టీవీ ఊసెత్తలేదు.

“ఆ పీట ఏది మామ్మా?”

“బీరువా కింద అరలో. తాడూ, మూటలూ అందులోనే ఉన్నాయి.”

పరుగెత్తి తెచ్చింది. చాప మీద పెట్టి, తాడు పట్టుకుని ముడులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అఁ, దే, త్ర్వా అని ఫ్రెంచి అంకెలు చెబుతూ గుంటల్లో గింజలు వేసింది. మూటలు విప్పి మొత్తం కూడింది. యాభై ఆరు. మామ్మ పోయి ఎన్నేళ్లయిందో, ఇన్నేళ్లలో నేనా ముడుల్ని ముట్టుకోలేదు. వాటిని విప్పే అర్హత నాకు లేదనిపించేది.

“ఇప్పుడు ఎవరి వంతు?”

“చినమామ్మది.”

“ఆమె లేదు కదా. నేను ఆమె వైపు ఆడనా?”

దాని ఎదురుగా చాప మీద కూర్చున్నాను. మోకాళ్లు కలుక్కుమన్నాయి. ఆ వైపు ఏడు గుంటల్ని చూశాను. ఇంక దాచుకోదలుచుకోలేదు.

“చినమామ్మా, ఆ ముడులు విప్పింది నేనే. బొంగరం కోసం విప్పాను. నీ గింజల తప్పేమీ లేదు. నువ్వు పిల్లాడికి పెట్టింది పాపం కాదు,” అన్నాను.

పిల్ల కళ్లు పెద్దవి చేసి అటూ ఇటూ చూసింది.

“ఎవరికి చెప్తున్నావు మామ్మా?”

“నీకు కాదులే,” అన్నాను. “నువ్వు ఆడు.”

అది ఎడమచెయ్యి చాపి, మూడో గుంటలో గింజలు తీసింది.